చివరి పుట్టి ఎన్నింటికి?

మా ఎమ్మిగనూరు, ఆదోని వైపు వాళ్లకు సముద్రం దూరం. నీళ్లు దాటి ఒక దీవికి వెళ్లి, పొద్దుపోయేలోగా ఇంటి దారి పట్టాలంటే మాకున్నది కురువపురం. మంత్రాలయం నుంచి మాధవరం మీదుగా తుంగభద్ర దాటి, గిల్లేసుగూరు, రాయచూరు మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరాలి. అక్కడ నది పాయలై చుట్టుకున్న గడ్డ అది. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు అక్కడ తపస్సు చేసి, అక్కడే కృష్ణలో అంతర్ధానమయ్యారని దత్త భక్తుల నమ్మకం. టెంబే స్వామి అని పిలుచుకునే వాసుదేవానంద సరస్వతి గత శతాబ్దం మొదట్లో అక్కడ చాతుర్మాస్యం చేశారు. అందుకే మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తుంటారు.

మా ఇంటికి చుట్టాలొస్తే మంత్రాలయంలో రాయర, అంటే రాఘవేంద్రస్వామి, దర్శనం ఒక పూటలో అవుతుంది. మర్నాడు కురువపురం పోదామంటారు. ఆ ఏర్పాట్లు చేసే పని ఎప్పటినుంచో నాది. నాకు ఇష్టమైన పని కూడా. చాలామంది దీన్ని తెల్లవారుజాము నుంచి లెక్కేస్తారు. ఎన్నింటికి లేవాలి, బండి ఎన్నింటికి రావాలి, టిఫిను ఎక్కడ అని. నేను సాయంత్రం నుంచి వెనక్కి లెక్కేస్తాను. ఆ రోజు ఆఖరి పుట్టి, అంటే నది దాటించే గుండ్రటి పడవ, ఎన్నింటికి ఇవతలికి వస్తుందో తెలిశాకే మిగతా రోజు సంగతి.

నాగార్జునకొండకైతే లాంచీ ఉంది, టికెట్ కౌంటరు ఉంది, శుక్రవారం మ్యూజియానికి సెలవని ముందే తెలుసు. ముంబై వాళ్లు ఎలిఫెంటాకు పోవాలంటే సోమవారం కాకుండా చూసుకుంటే చాలు, గేట్‌వే దగ్గర పొద్దున్నుంచీ బోట్లుంటాయి. కురువపురానికి మోటారు బోటు ఉన్నా, పుట్టి ఉన్నా, టైము చెప్పేది దాన్ని నడిపే మనిషే. అందుకని ముందురోజు సాయంత్రం పంచదేవపహాడ్ రేవులో తెలిసినాయనకు ఫోన్ చేస్తాను.

"అన్నా, రేపు నీళ్లెట్లుంటాయి?"

"నీళ్లు మంచిగనే ఉన్నయక్కా. గాలే జర జూసుకోవాలె. పొద్దుగాల రాండ్రి."

"పెద్దోళ్లున్నారన్నా. మా పెద్దమ్మకు మోకాళ్లు పట్టేసినాయి."

"మెల్లగ ఎక్కిస్త తియ్యి. మళ్లొచ్చేటప్పుడు నాలుగున్నరకు రేవుల ఉండాలె. ఐదు దాటితే నేనెయ్య."

ఆ చివరి మాట కోసమే ఫోన్ చేసేది. ఐదు దాటితే వెయ్యనని ముందే చెప్పే మనిషిని నేను వదులుకోను. "ఎప్పుడైనా రాండి, దాటిద్దాం" అనేవాళ్లు ఏ రేవులోనైనా దొరుకుతారు. చీకట్లో, గాలిలో, ఎక్కువమందిని ఎక్కించి దాటించేదీ వాళ్లే.

నాలుగున్నరకు రేవులో ఉండాలంటే గుడి దగ్గర నాలుగింటికి లేవాలి. పెద్దవాళ్లు నడవాలి, చెప్పులు వెతుక్కోవాలి, ఒకరు మళ్లీ ఒక దండం పెట్టుకొస్తామంటారు. కాబట్టి మూడున్నరకే లేవాలి. అవతలి ఒడ్డున మూడు నాలుగు గంటలైనా ప్రశాంతంగా గడపకపోతే అంత దూరం పోయి ఏం లాభం? అంటే పదకొండుకల్లా దీవి మీద ఉండాలి. రాయచూరు నుంచి ఆత్కూరు రేవైతే గంట ప్రయాణం. పంచదేవపహాడ్ అయితే దేవసుగూరు దగ్గర నిజాం కాలంలో కట్టిన వంతెన మీద కృష్ణ దాటి, మక్తల్ మీదుగా తిరిగి రావాలి, ఇంకో గంట పెట్టుకోవాలి. ఇట్లా ఒక్కొక్కటే వెనక్కి జరుపుకుంటూ వస్తే ఎమ్మిగనూరులో బండి ఐదున్నరకు కదలాలని తేలుతుంది. ఇంత చీకటితో ఎందుకని అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు ఆ సాయంత్రం ఐదు గంటలే.

దారి మాత్రం గొప్పది. తుంగభద్రకూ కృష్ణకూ మధ్య ఉన్న ఈ నేల కోసం రాజులు తరతరాలు కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు ఆదిల్షాను ఓడించి రాయచూరు కోట పట్టుకున్నాడు. ఆ నేలనే మనం కిటికీ పక్కన కూర్చుని గంటలో దాటేస్తాం. పత్తిచేలు, వరిమళ్లు, తర్వాత శక్తినగర్ థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు.

కృష్ణ ఏ రోజూ ఒకేలా ఉండదు. పైన ఆల్మట్టి, దాని కింద నారాయణపూర్. అక్కడ గేట్లెత్తితే ఆ నీళ్లు జూరాలకు పోయే దారిలోనే ఉంది కురువపురం. ఆషాఢం దాటిందంటే పేపర్లో ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు రోజూ చూస్తాను. నారాయణపూర్ నుంచి లక్ష క్యూసెక్కులు వదిలారని రాస్తే ఇక కురువపురం మాట ఎత్తను, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చినా సరే. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయం మఠంలోకి వచ్చింది. కర్నూలును ముంచింది. అది చూసిన ప్రాంతం వాళ్లం, నదికి ఎదురు చెప్పే అలవాటు మాకు ఉండకూడదు.

అన్నీ చూసుకుంటే కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. గేట్లు మూసి ఉంటాయి, నీళ్లు నిలకడగా ఉంటాయి, ఎండ కాల్చదు. కాకపోతే పొద్దు చిన్నది, ఐదున్నరకే వెలుతురు తగ్గుతుంది. ఇక గురువారం సంగతి. రాయరకూ గురువారమే, దత్తుడికీ గురువారమే. మంత్రాలయంలో క్యూ, రేవులో క్యూ, రెండూ ఆ రోజే. మా పెద్దవాళ్లకు గురువారమే కావాలి, నాకు మాత్రం బుధవారమో శుక్రవారమో నయమనిపిస్తుంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గురువారం మంత్రాలయంలో రాయర దర్శనం, శుక్రవారం కురువపురం. శ్రీపాదుల తిథి ఆశ్వయుజ బహుళ ద్వాదశి. ఆ రోజు కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు పోవచ్చు. పెద్దవాళ్లను మాత్రం ఆ రద్దీలోకి నేను తీసుకుపోను.

పుట్టి సంగతులు నేను నేర్చుకున్నది కృష్ణలో కాదు, మా నాగలదిన్నెలో. 2009 వరదకు అక్కడి వంతెన కొట్టుకుపోయింది. కొత్తది వచ్చేదాకా ఏళ్ల తరబడి మావాళ్లు ఐజ పోవాలంటే తుంగభద్రను పుట్టిలో దాటారు, లేదంటే చుట్టూ తిరిగి పోయారు. సంతకు పోయేవాళ్లు, బడిపిల్లలు, పెళ్లిచూపులకు పోయేవాళ్లు, అందరూ ఆ గుండ్రటి అల్లికలోనే.

ఒడ్డున పుట్లు బోర్లించి ఆరబెట్టి ఉంటాయి. లోపల వెదురు దబ్బల అల్లిక, బయట తారు పూసిన పట్టా. ఎండెక్కేకొద్దీ తారు వాసన. వెనక ఈ పట్టా స్థానంలో తోలు ఉండేది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు మనిషి డొమింగో పేస్ ఆనెగొంది దగ్గర వీటిని చూసి రాసిపెట్టాడు. గుండ్రటి పడవలనీ, లోపల బెత్తం, బయట తోలనీ, పదిహేను ఇరవై మంది పడతారనీ, తిన్నగా పోలేక తిరుగుతూనే పోతాయనీ. ఐదువందల ఏళ్ల తర్వాత మారింది ఆ తోలు ఒక్కటే.

తిన్నగా పోకపోవడంలోనే పుట్టి నడపడంలోని నేర్పంతా ఉంది. అవతలి రేవు ఎదురుగా కనబడుతున్నా పుట్టి అక్కడి నుంచి అక్కడికే పోదు. ముందు ఇవతలి ఒడ్డు వెంబడే ఎగువకు తీసుకుపోతాడు. ఒడ్డుకు దగ్గరగా నీటి వేగం తక్కువ కాబట్టి అక్కడ తెడ్డుకు పని తక్కువ. కొంత దూరం పోయాక పాయలోకి వదులుతాడు. ఇక నీరు కిందికి లాగుతుంది, తెడ్డు అడ్డంగా లాగుతుంది, ఆ రెండింటి మధ్య పుట్టి ఏటవాలుగా జారుకుంటూ వచ్చి సరిగ్గా రేవుకు తగులుతుంది. ఎగువకు ఎంత పోవాలన్నది ఆ పూట నీళ్లను బట్టి ఆయన కళ్లతో వేసే కొలత. మాటల్లో పెట్టి అడిగితే ఆయన కూడా చెప్పలేడు. అందుకే దాటడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే నేను ఒక అంకె చెప్పను, రెండింతలు వేసుకోమంటాను.

ఎక్కడం కూడా ఒక పనే. మా పెద్దమ్మను ఎక్కించేటప్పుడు బయట ఇద్దరు నీళ్లలో నిలబడి పుట్టి అంచును రెండు వైపులా అదిమి పట్టుకోవాలి. ఆమె అంచు మీద కాలు పెట్టకూడదు, అంచు దాటించి నేరుగా అడుగు మధ్యలో పెట్టాలి. పాదం కింద వెదురు కాస్త కుంగుతుంది, అక్కడ భయపడతారు. భయపడి నిలబడిపోతేనే ప్రమాదం. వెంటనే కూర్చోబెట్టాలి. తర్వాత ఆమెకు ఎదురుగా ఆమె బరువుకు సరిపోయే మనిషిని కూర్చోబెడతాడు. పిల్లలు మధ్యలో. సంచులు ఒళ్లో కాదు, అడుగున. చివరగా తాను ఎక్కి, మోకాళ్ల మీద వంగి తెడ్డు అందుకుంటాడు. ఆ క్రమం ఒకసారి చూసినవాళ్లకు ఆయన చెప్పిన చోటే కూర్చోవాలనిపిస్తుంది, ఫోటో కోసం లేచి నిలబడాలనిపించదు.

2020 ఆగస్టులో ఇదే పంచదేవపహాడ్ దగ్గర, నది పోటు మీదున్నప్పుడు పుట్టి మునిగి నలుగురు గల్లంతయ్యారు. వాళ్లు యాత్రికులు కాదు, ఆ దీవుల ఊళ్లవాళ్లు, రోజూ ఆ నీళ్లతో బతికేవాళ్లు. అంతకు ముందు ఏడాది, 2019 సెప్టెంబరు 15న, గోదావరిలో కచ్చులూరు దగ్గర పెద్ద బోటే మునిగింది. అప్పటినుంచి నా సంచిలో మొదట చేరేది లైఫ్ జాకెట్లు. రేవులో ఉంటాయి కదా అంటారు. ఉన్నచోట పెద్దవాళ్ల సైజువే ఉంటాయి, ఆరేళ్ల పిల్లకు తొడిగితే నీళ్లలో జాకెట్ పైకి తేలి పిల్ల కిందికి జారిపోతుంది. పిల్లల సైజు రెండు కొనిపెట్టాను. మా వీధిలో ఎవరు పుట్టి ఎక్కడానికి పోతున్నా అడిగి తీసుకుపోతారు. ప్రతి రేవులో ఇవి ఉండాలి. పెద్దవాళ్లు దిగడానికి నాలుగు మెట్లు, పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉండాలి. దర్శనానికి వేలమంది వచ్చే చోట ఇది పెద్ద కోరిక కాదు.

సద్ది తేలిగ్గా ఉండాలి. జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి, పెరుగన్నం. ఉగ్గాని బజ్జీ దారిలోనే తినేయాలి, దీవికి మోసుకుపోతే మెత్తబడిపోతుంది. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు. మందులు పెట్టుకోవాల్సినవాళ్లవి వాళ్ల ఒంటి మీద సంచిలోనే.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది, ఇదే రోజులో పంచముఖి ఆంజనేయుణ్ణీ చూసేద్దాం, వీలైతే అలంపురం కూడా అనే మాట. బండి ఉంది కదా అంటారు. బండి ఉన్నంత మాత్రాన పుట్టి ఆగదు. ఆ రెండు చోట్లకూ రోడ్డుంది, ఎప్పుడైనా పోవచ్చు. దీవికి పోయిన రోజు దీవికే ఇచ్చేయాలి. గుడి చూసుకుని, ఆ పెద్ద మర్రి కింద మా పెద్దమ్మ చెప్పుకునే కథలు వింటూ, పిల్లలు నీళ్ల అంచున రాళ్లేరుకుంటుంటే ఓ కంట చూసుకుంటూ ఊరికే కూర్చునే రెండు గంటలకు నేను ఎప్పుడూ కత్తెర వెయ్యను. అంతగా అయితే టిఫిను దగ్గర తగ్గించుకుంటాను.

ఈసారి పెద్దమ్మ నవబృందావనం దీవి అడిగింది. రాయర గురువులు సుధీంద్ర తీర్థుల బృందావనం ఆనెగొంది దగ్గర తుంగభద్ర మధ్య ఆ దీవిలోనే ఉంది. శిష్యుణ్ణి చూసి గురువును చూడకపోతే ఎట్లా అంటుంది. ఆమె మాట సబబే. కానీ ఆ సాయంత్రం చివరి బోటు నుంచి వెనక్కి లెక్కేస్తే మంత్రాలయం నుంచి ఒక్క రోజులో కుదరడం లేదు. ముందురోజు రాత్రి గంగావతిలో దిగాలి. 2024 ఆగస్టులో హొసపేట డ్యాం పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ కిందంతా ఎట్లా పారిందో చూశాం కాబట్టి, దీపావళి దాటేదాకా తేదీ పెట్టనని చెప్పాను. ఈలోగా ఆనెగొంది రేవులో ఐదు దాటితే వెయ్యననే మనిషి ఎవరున్నారో కనుక్కుంటున్నాను.