వంకర చెక్కలో విల్లు

1811లో మిస్సోరీ నది వెంట ఎగువకు ప్రయాణించిన వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బ్రాడ్‌బరీ, అరికరా తెగవారి దగ్గర ఒక రకం విల్లు ధర ఎంతో రాసిపెట్టాడు. ఒక గుర్రం, ఒక కంబళి. గుర్రాల లెక్కతో మనిషి స్థితిని కొలిచే ఆ మైదానాల్లో అది సామాన్యమైన ధర కాదు. ఆ విల్లుకు వాడిన కలప అరికరాల ఊళ్ల చుట్టుపక్కల దొరికేది కాదు. వందల మైళ్ల దక్షిణాన, ఇప్పటి టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా రాష్ట్రాలు కలిసే చోట, రెడ్ రివర్ పరిసరాల్లో పెరిగే ముళ్లచెట్టు నుంచి వచ్చేది. దాని పేరు ఓసేజ్ ఆరెంజ్. నారింజతో చుట్టరికం లేదు. మర్రి, పనస, మల్బరీల కుటుంబంలోది, గాటు పెడితే వాటిలాగే పాలు కారుతుంది. 1804 మార్చిలో అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ సెయింట్ లూయిస్ నుంచి ఈ చెట్టు కొమ్మల్ని అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌కు పంపుతూ, విల్లు కోసం ఈ కలపను వెతుక్కుంటూ అక్కడి జనం వందల మైళ్లు వెళ్తారని రాశాడు.

ఇంత గిరాకీ ఉన్న చెట్టు నిటారుగా ఎదగదు. మొదలు పొట్టిగా ఉంటుంది, కాస్త ఎత్తు పోగానే కొమ్మలుగా చీలి మెలికలు తిరుగుతుంది. ముళ్లతీగ రాకముందు అమెరికా రైతులు దీన్ని పొలాల చుట్టూ సజీవ కంచెగా వేల మైళ్ల పొడవున నాటారు. 1874లో ముళ్లతీగకు పేటెంటు వచ్చాక కంచెగా దీని పని తగ్గింది, కాని ఆ తీగను మోసే గుంజలుగా మళ్లీ ఇదే నిలబడింది, ఎందుకంటే మట్టిలో పాతినా దశాబ్దాలపాటు చివకదు. విల్లు చేసేవారు ఇప్పటికీ దుంగ కోసం ఎక్కువగా వెళ్లేది ఆ పాత కంచెల దగ్గరికే. అక్కడ సాఫీగా ఉన్న మొదలు దొరకడం అరుదు. అందుకే ఈ విద్యలో అసలు నైపుణ్యమంతా వంకర చెక్కతోనే పెరిగింది.

మన వడ్రంగి నాగటి దుంప కోసం తుమ్మలో సహజంగా వంగిన కొమ్మను వెతికేవాడు. సాపు కర్రను ఆ ఆకారానికి కోస్తే పోగులు మధ్యలో తెగిపోయి, మొదటి దుక్కిలోనే విరుగుతుందని అతనికి తెలుసు. విల్లు విషయమూ అంతే. వంగిన చెక్కలో పోగు వంపుతో పాటే వంగి, ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా సాగుతుంది. దాన్ని తెంపకుండా ఉంచితే వంకర విల్లు నిటారు విల్లంత బలంగా ఉంటుంది. తెంపితే ఎంత అందంగా నున్నబరచినా పనికిరాదు.

కాబట్టి దుంగను రంపంతో కోయరు. మేకులు దిగగొట్టి చీలుస్తారు, అప్పుడు చీలిక పోగు వెంటే పోతుంది. చీల్చగానే కొనలకు జిగురో పెయింటో పూస్తారు. లేకపోతే తేమ కొనల నుంచి తొందరగా పోయి చెక్క నెర్రెలు విచ్చుతుంది. తర్వాత నెలల తరబడి నీడపట్టున ఆరనివ్వాలి. చెక్కలో తేమ ఎనిమిది నుంచి పది శాతానికి దిగితే గాని విల్లు పనికి రాదు.

ఆరాక మొదలయ్యే పని ఓపికను పరీక్షిస్తుంది. విలుకాడికి దూరంగా ఉండే ముఖాన్ని వింటి వీపు అంటారు, లాగినప్పుడు సాగేది అదే. అతని వైపు ముఖం పొట్ట, అది నలుగుతుంది. సాగే వీపు మీద ఒకే ఒక్క వార్షిక వలయం కొన నుంచి కొన దాకా చెక్కుచెదరకుండా ఉండాలి. బెరడు, దాని కింది తెల్లచెక్క తీసేస్తే నిగనిగలాడే పసుపు చేవ బయటపడుతుంది. దాంట్లో వసంతంలో పెరిగిన పొర బోలుగా, వేసవిలో పెరిగిన పొర గట్టిగా ఉంటాయి. రెండు పిడుల కత్తిని దగ్గరికి లాగుతూ చెక్కుతుంటే బోలు పొర తగలగానే కరకరమని చప్పుడు వస్తుంది, గట్టి పొర మీద కత్తి నున్నగా జారుతుంది. చూపు మోసపోయే చోట చెవి దారి చూపుతుంది. వలయం ఎక్కడ బొడిపెగా లేస్తే అక్కడ కత్తీ లేవాలి, గుంటలో దిగాలి. ముడి ఎదురైతే దాని చుట్టూ కాస్త చెక్క ఎక్కువే వదలాలి. మన నల్లమల చెంచులు, మన్యంలోని కోయలు విల్లుకు వాడిన వెదురులో ఈ శ్రమ ఉండదు, దాని గట్టి పోగులు పైచర్మం దగ్గరే దట్టంగా ఉంటాయి. ఓసేజ్ చెక్కలో ఆ చర్మాన్ని మనిషే వెతికి తీయాలి.

వలయం దొరికాక నడిమి గీత గీస్తారు. దీనికి స్కేలు పెట్టకూడదు. వీపు మీద సన్నగా కనిపించే పోగు గీతను అనుసరిస్తూ చేత్తోనే గీయాలి, అది పాములా మెలికలు తిరిగితే గీతా తిరగాలి. చూడాల్సింది ఒక్కటే: రెండు కొనల మధ్య దారం పట్టుకుంటే అది పిడి మీదుగా పోతోందా లేదా. పోతుంటే మధ్యలో ఎన్ని మెలికలున్నా భయం లేదు. పక్కకు తప్పుకుంటే మాత్రం నారి కట్టగానే విల్లు మెలిపడుతుంది. అప్పుడు ఆ ఒక్క చోట ఆవిరి పట్టో, నిప్పు సెగ చూపించో, మెత్తబడగానే అచ్చుకు బిగించి చల్లారేదాకా వదిలేస్తారు. ఓసేజ్ చెక్క సెగకు బాగా లొంగుతుంది. లొంగుతుంది కదా అని అన్ని వంపులూ తీసేసేవారు ఉన్నారు. నాకది నచ్చదు. విల్లుకు అడ్డుపడని వంపును తీయడం వృథా శ్రమ, చెట్టు ఇచ్చిన గుర్తునూ చెరిపేసినట్టే.

ఆ తర్వాతిది టిల్లరింగ్, అంటే పిడికి పైనా కిందా ఉన్న రెండు రెక్కలూ సమంగా వంగేలా పొట్టవైపు చెక్కడం. మందం దగ్గర చెయ్యి తొందరపడకూడదు. వెడల్పులో పదో వంతు తీస్తే బిగువులో పదో వంతే తగ్గుతుంది. మందంలో పదో వంతు తీస్తే నాలుగో వంతుకు పైగా పోతుంది. అందుకే వీపు మీద బొడిపె ఉన్న చోట పొట్ట కూడా దానితో పాటే లేవాలి, గుంట ఉన్న చోట దిగాలి. పొట్టను బల్లపరుపుగా చిత్రిక పడితే బొడిపె దగ్గర దిమ్మెలా బిగుసుకుని, గుంట దగ్గర మడతబందులా విరుగుతుంది.

వంకర విల్లు కంటిని మోసం చేసేది ఇక్కడే. పై రెక్క పుట్టుకతోనే విలుకాడి వైపు వాలి, కింది రెక్క ముందుకు వాలి ఉందనుకోండి. నారి కట్టి లాగితే పై రెక్క మరీ ఎక్కువ వంగినట్టు, కిందిది మొరాయిస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి రెండూ సమంగానే వంగుతూ ఉండవచ్చు. కనిపించిందే నమ్మి కింది రెక్కను చెక్కితే బాగున్న విల్లు పాడవుతుంది. అనుభవం ఉన్నవారు నారి లేనప్పటి ఆకారాన్ని గోడ మీద పెన్సిలుతో గీసి పెట్టుకుంటారు. లాగినప్పుడు ప్రతి చోటూ ఆ గీత నుంచి ఎంత కదిలిందో చూస్తారు. లెక్కలోకి వచ్చేది ఆ కదలికే. సరిగ్గా కుదిరిన వంకర విల్లును పూర్తిగా లాగినా పుట్టు వంపులు అలాగే కనిపిస్తాయి, నున్నటి అర్ధచంద్రాకారం ఏర్పడదు. అలా ఏర్పడిందంటే ఎక్కడో ఒక భాగం తన వాటా కన్నా ఎక్కువ మోస్తోందని అర్థం.

50 పౌన్ల బలంతో లాగే విల్లు కావాలనుకుంటే ఏ దశలోనూ 50 పౌన్లకు మించి లాగరు, లోపం కంటపడితే అక్కడే ఆగుతారు. కాస్త గీకిన ప్రతిసారీ పది ఇరవై మార్లు కొద్ది కొద్దిగా లాగి వదిలితేనే ఆ మార్పు చెక్కలో తెలుస్తుంది. తొందరపడితే పొట్టవైపు కణాలు నలిగి, నారి విప్పినా విల్లు మునుపటి ఆకారానికి తిరిగి రాదు.

ఫైబర్‌గ్లాస్ విల్లు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉంటుంది, తడినీ ఎండనీ తట్టుకుంటుంది. వాడకంలో దాని మేలు దానిదే. అయితే దాని కొలత ఒక్కసారి కుదిరితే చాలు, తర్వాత చేసేవాడికి చెక్కతో మాట్లాడే అవసరమే రాదు. వంకర చెక్క విషయంలో నిన్నటి కొలత ఇవాళ పనికిరాదు. అందుకే ఈ విద్య కాగితం మీద కన్నా మనుషుల దగ్గరే ఎక్కువగా బతికింది. 1992లో ‘ది ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్’ మొదటి సంపుటం వచ్చాక కొత్త తరం వాళ్లు చాలామంది ఇటు తిరిగారు, కాని ఈ దారం కొన్ని చోట్ల అసలు తెగనే లేదు. 1838-39లో తూర్పు అడవుల నుంచి బలవంతంగా ఇప్పటి ఓక్లహోమాకు తరలించబడిన చెరోకీ తెగవారికి కొత్త నేలలో ఈ చెట్టు అందుబాటులోకి వచ్చింది. తమ సంప్రదాయ కళల్ని నిలబెట్టేవారికి చెరోకీ నేషన్ 1988 నుంచి ‘నేషనల్ ట్రెజర్’ గౌరవం ఇస్తోంది, విల్లు చేసేవారికీ అది దక్కింది. వారి రాజధాని తాలెక్వాలో ఏటా సెప్టెంబరు మొదట్లో జరిగే జాతీయ ఉత్సవంలో మొక్కజొన్న కాండాల్ని దొంతరగా పేర్చి దూరం నుంచి బాణాలు వేసే పోటీ ఉంటుంది. బాణం ఎన్ని కాండాల్ని గుచ్చుకుపోతే అన్ని పాయింట్లు.