వంద హెర్ట్జ్‌ల శ్రుతి

కచేరీలో తంబురా వాయించేవాళ్ల వైపు ఎవరి చూపూ పోదు. సినిమా పాటలో బేస్ గిటార్‌దీ అదే గతి. ఇళయరాజా వచ్చాక కొంత మారింది గానీ, ఇప్పటికీ అది ఆగిపోయినప్పుడే లోటు తెలుస్తుంది. ఆ అడుగు స్వరాన్నే ముందుకు తెచ్చి, ఒక్కదాన్నే అరగంట నిలబెట్టడం నా సాధన. దీన్ని డ్రోన్ సంగీతం అంటారు. మా గుంటూరు జిల్లాకు తీగనాదం కొత్తేం కాదు. పొన్నెకల్లు నాజర్ గారు, 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ పితామహుడు, భుజాన తంబురా మోగుతుంటేనే కథ నడిపారు.

బేస్ గిటార్ మీటేటప్పుడు వాల్యూమ్ సున్నాలో ఉంచుతాను. మీటిన వెంటనే చిటికెనవేలితో మెల్లగా పెంచుతాను. మీటు వినపడదు, నాదం మాత్రమే లేస్తుంది. లూప్ పెడల్ దాన్ని తిప్పుతూ ఉంటుంది.

పొన్నూరులో మా వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. లోపలి ఇనుప కోర్ ప్రతి ఆవృత్తికీ రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి దాని రొద 100. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా సన్నతీగ, ‘జి’, 98. రాత్రి కిటికీ తెరిచి ఆ తీగ మీటితే రెండు నాదాలూ కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. బిరడా రవ్వంత బిగిస్తే ఊపు నెమ్మదిస్తుంది, ఇంకాస్త బిగిస్తే ఆగిపోతుంది. అప్పుడిక తీగేదో, ట్రాన్స్‌ఫార్మరేదో చెవి విడదీయలేదు. ట్యూనర్ చూపే ‘జి’ కంటే నాకు ఇదే సరైన శ్రుతి.

అమెరికా స్వరకర్త లా మాంటె యంగ్ చిన్నతనంలో ఐడహోలో ఈ రొదే వింటూ పెరిగాడు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్. 1960ల్లో తాబేలు తొట్టి మోటారు రొదకు తన బృందాన్ని శ్రుతి చేశాడు. 1970 నుంచి పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేశాడు. తంబురా శ్రుతి చేయడమే పెద్ద విద్య అన్నది ఆ ఇంటి పద్ధతి. అది నేను పూర్తిగా నమ్ముతాను.

కలిసిన శ్రుతి కలిసినట్టే ఉండదు. దేశంలో లోడు పెరిగితే కరెంటు 50 కంటే కొద్దిగా దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. కాసేపటికి ఊపు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ బిరడా మీదికి చెయ్యి పోతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి ఢిల్లీలోనూ గువాహటిలోనూ ట్రాన్స్‌ఫార్మర్లు మా వీధి దానితో పాటే ఎక్కి దిగుతున్నాయి. మీ ఇంట్లో బేస్ గిటార్ ఉంటే ఈ రాత్రి ‘జి’ తీగ మీటి చూడండి.