నష్టపత్రములందలి వాక్యదోషము

విమర్శనము కావ్యనాటకములకు మాత్రమే చెల్లునను అభిప్రాయము పండితలోకమున బలముగా పాతుకొనియున్నది. శాసనములలోని గద్యమును పరిశోధకులు ఆదరించిరి. గ్రామకైఫీయతుల గద్యమును ఆదరించిరి. కాని తెలుగునాట దినదినమును వేలకొలది పుటలుగా పుట్టుచున్న కచేరిగద్యమును సాహిత్యదృష్టితో పరికించినవారు అరుదు. ఆ గద్యమునకు రసము లేదనుట నిజమే. అయినను ఏ ప్రబంధవాక్యముపైనను ఆధారపడనంతగా జనుల జీవనము దాని వాక్యములపై ఆధారపడియున్నది. అందు ముఖ్యముగా పరిశీలింపదగినది నష్టపత్రము. అనగా వరదయో వడగండ్లో వచ్చిపోయిన పిమ్మట, పాడైన పైరులను గూర్చి గ్రామమునుండి మండలమునకును, మండలమునుండి జిల్లాకును, అచ్చటినుండి రాజధానికిని పోవు నివేదిక. ఈ నివేదికలు ఆలస్యముగా ఫలించుటకు ఉద్యోగుల సోమరితనమే హేతువని లోకము సాధారణముగా నిందించును. అది కొంతవఱకు నిజము కావచ్చును గాని, ఉద్యోగి ఎంతటి చుఱుకైనవాడైనను తొలగింపలేని ఆలస్యమొకటి ఆ పత్రముయొక్క వాక్యరచనలోనే ఉన్నది.

ఈ పరీక్షకు నిజామాబాదు జిల్లాలోని ముప్కాలు తగిన తావు. 2016లో జిల్లాలను పునర్విభజించినపుడు ఇది బాల్కొండనుండి విడివడి ప్రత్యేక మండలమైనది. సమీపమున పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరామసాగరము. దానినుండి బయలుదేఱు వరదకాలువలో నీటిని తిరిగి జలాశయమునకు ఎక్కించుటకై నిర్మించిన యంత్రశాలలలో ఒకటి ముప్కాలులోనే యున్నది. చుట్టును పసుపు, మొక్కజొన్న, ఎఱ్ఱజొన్న చేలు. నీరు చాలకున్నను, మిక్కిలియైనను కచేరికి కాగితము పోక తప్పని సీమ ఇది. ఇచ్చటికి దూరము కాని వేల్పూరున 2023 జూలై 24, 25 తేదీల నడుమ ఒక్క దినములో సుమారు 40 సెంటీమీటర్ల వర్షము కురిసినది. ఏడాది పొడుగున ఆ జిల్లాలో కురియు వర్షములో మూడవ వంతునకు మించినది ఒక్క పగటిరాత్రులలో పడినదన్నమాట. అట్టి దినములలో పడవలు పంపుట, జనులను మిట్టలకు చేర్చుట మొదలగు పనులకు ఈ వ్యాసము చెప్పు దోషము అంతగా అంటదు. అచ్చట నోటిమాటయే ఆజ్ఞ. దోషము నీరు తీసిన మఱునాడు, కాగితము విప్పినపుడు మొదలగును.

వాక్యము అర్థమీయవలెనన్న ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెనని తార్కికులు చెప్పుదురు. తర్కసంగ్రహకర్తయైన అన్నంభట్టు ఆంధ్రుడు గనుక ఈ మాట పాఠశాలలలో ఎల్లరకును కరతలామలకము. ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు అని నామములను వరుసగా పేర్చినచో ఆకాంక్ష లేదు గావున వాక్యము కాదు. నష్టపత్రమును తెఱచి చూచినచో కనబడునది సరిగా ఇట్టి వరుసయే: రైతుపేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, పైరు, నష్టశాతము. గడులున్నవి, క్రియ లేదు. ఆ చేనికి ఏమి జరిగినది, ఏ దారిని నీరు వచ్చినది, ఎన్ని దినములు నిలిచినది, ఇంకను నిలిచియున్నదా, అను ప్రశ్నలకు జవాబు చెప్పు పదమొక్కటియు ఆ వరుసలో లేదు. అయినను పై కచేరివారు దీనిని వాక్యముగా చదువవలెను. చదువలేక ప్రశ్న వేయుదురు. దానికి కచేరిభాషలో కొర్రీ అని పేరు. కొర్రీ అనునది నిజమునకు ఆకాంక్షయే. మొదటి వాక్యమున ఉండవలసిన క్రియను మూడు వారముల తఱువాత వెదకుటయే.

సన్నిధిదోషము ఇంతకంటె గొప్పది. ఒక పదమును ఇప్పుడును, రెండవ పదమును జాము గడచిన పిమ్మటను పలికినచో అన్వయము కుదరదని శాస్త్రము. నష్టపత్రమున పదములకు నడుమ జాములు కావు, నెలలు గడచును. చేనిని మొదట చూడవలసినవాడు వ్యవసాయ విస్తరణాధికారి. ఒక్కొక్కనికి సుమారు 5,000 ఎకరములు. పూర్వము అతనికి తోడుగా గ్రామమున రెవెన్యూ అధికారి ఉండెను. తెలంగాణమున ఆ కొలువును 2020లో రద్దుచేసిరి, గ్రామపాలనాధికారులను మఱల నియమించుట 2025 సంగతి. అనగా 2023 నాటి వానలో, ఏ గట్టు ఎవరిదో ఎఱిగిన కచేరిమనిషి ఊర లేడు. గ్రామమున 'మునిగినది' అను మాట పుట్టును. అది మండలమునకు చేరునప్పటికి నీరు తీయును. జిల్లాకు చేరునప్పటికి చేను ఆఱును. నష్టము పెద్దదై కేంద్రసహాయము కోరవలసివచ్చినచో రాష్ట్రము వినతిపత్రము సమర్పించవలెను, మంత్రిత్వశాఖల బృందము వచ్చి చూడవలెను, జాతీయ కార్యనిర్వాహక సమితియొక్క ఉపసంఘము పరిశీలించవలెను, పిదప ఉన్నతస్థాయి సంఘము నిర్ణయించవలెను. వినతిపత్రమునకై ఎదురుచూడక బృందము ముందుగానే రావలెనని 2019లో ఏర్పాటు చేసిరి. అది మెచ్చదగిన సవరణ. సన్నిధిని గుర్తించిన సవరణ. కాని వినతిపత్రము అందిన తఱువాత బృందము మఱల రావలసియే యుండుటచేత ఒక వాక్యమును రెండుమాఱులు మొదలుపెట్టినట్లయినది.

ఇక యోగ్యత. నిప్పుతో తడుపుమనిన వాక్యమునకు యోగ్యత లేదు. నష్టపత్రము పసుపును గూర్చి మాటలాడినపుడు ఇట్టిదే జరుగుచున్నది. ఈ విషయము కొంత విడమఱచి చెప్పవలసియున్నది.

పసుపును జూన్ ప్రాంతమున నాటుదురు. జనవరినుండి మార్చివఱకు త్రవ్వుదురు. ఫలము నేలలోపల దుంపగా పెరుగును. జూలై వానకు చేనిలో నీరు నిలిచినచో ఆకు ఆ మఱునాడే వాడదు. దుంపకుళ్లు మెల్లగా పట్టును. ముందు ఆకుల అంచులు పసుపువన్నెకు తిరుగును, పిదప కాండము మొదట మెత్తబడును, దుంప లాగిన ఊడివచ్చును. ఇదంతయు జరుగుటకు వారములు పట్టును. త్రవ్వకమువఱకు తెలియని నష్టమును కలదు. అంతియేగాక ఈ సీమలో పసుపు చేనిలోనే మొక్కజొన్నను అంతరపంటగా వేయు ఆచారమున్నది. పరిశీలకుడు గట్టుపై నిలిచి చూచునపుడు అతని కంటికి ముందు తగులునది నిలువెత్తు మొక్కజొన్న. అది పచ్చగానుండును. దాని క్రింద పసుపు, పసుపు క్రింద దుంప, దుంపలో కుళ్లు.

పత్రము అడుగునదేమి? నష్టశాతము. 2015కు పూర్వము సగము పైరు పోయిననేగాని సహాయమునకు అర్హత లేకుండెను. ఆ సంవత్సరమున హద్దును 33 శాతమునకు దించిరి. దించుట రైతునకు మేలే. కాని 33 అను అంకె ఏ దినమున చూచిన 33? ఆగస్టున చూచిన చేనిలో పదిశాతమైనను కానరాని నష్టము అక్టోబరున సగమునకు పెరుగవచ్చును. నష్టపత్రమునకు భూతకాలమొక్కటే తెలియును. 'నష్టపోయినది' అని వ్రాయుటకు గడి కలదు, 'నష్టపోవుచున్నది' అని వ్రాయుటకు లేదు. కుళ్లు మాత్రము వర్తమానక్రియ. కావున రైతు నిజము చెప్పినను, అధికారి నిజముగానే వ్రాసినను, వాక్యము అబద్ధమగును. రైతు మఱల అర్జీ పెట్టును. అర్జీకి విచారణ, విచారణకు ఉత్తరువు, ఉత్తరువునకు గడువు తీఱినదను జవాబు. ఇట్టి ఆలస్యమునకు ఏ గుమాస్తాను నిందింపవచ్చును?

త్రవ్విన పిమ్మటి దుర్దశ వేఱొకటి. దుంపను ఉడికించి కళ్లములో ఆఱబెట్టియుండగా అకాలవర్షము పడినచో సరకు రంగు చెడును, బూజు పట్టును, అంగడిలో ధర పడిపోవును. అప్పుడది చేనిలోని పైరు కాదు. గిడ్డంగిలోని సరకును కాదు. సహాయపు పట్టిక పైరును విత్తిన విస్తీర్ణముచేత కొలుచునది. కళ్లమునకు విస్తీర్ణమెక్కడిది? 2022 నుండి 2026 వఱకు ఏర్పఱచిన కేంద్రప్రమాణములలో నీటిపారుదల గల పైరునకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదియు రెండు హెక్టారులకు మించకుండ. పసుపు పెట్టుబడికి అది ఏ మూలకును రాదు. ఐనను ఆ స్వల్పమునకైనను తడిసిన కొమ్ము పాత్రము కాకపోవుట ధనముకొఱత కాదు, పదముకొఱత.

దక్కనులో పలుచోట్ల పూర్వము అణావారి పద్ధతి యుండెను. పూర్తి పంట పదునాఱణాలు. దానినిబట్టి పండ్రెండణాల పంట, ఆఱణాల పంట అని లెక్క. అణా నాణెముగా పోయి అఱువది ఏండ్లు దాటినను పదహారణాల అను మాట తెలుగున నిలిచియున్నది. ఆ లెక్కలోను కచేరి పక్షపాతములు లేకపోలేదు. కాని రైతును గిర్దావరును ఒకే మాటతో పోట్లాడుకొనుటకు అందు వీలుండెను. శాతము ఊరివారి నోట పలుకదు.

కర్తృలోపమును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. ఆంధ్రప్రదేశమున 1966లో అధికారభాషా చట్టము వచ్చి తెలుగు కచేరిలో అడుగుపెట్టినప్పుడు, ఆంగ్లపు కర్మణిప్రయోగమును అనుసరించి 'పంపడమైనది', 'కోరడమైనది', 'పరిశీలించడమైనది' అను వికారరూపములు స్థిరపడినవి. తెలుగువాక్యమున కర్త లుప్తమైనను క్రియాంతమునుబట్టి వానిని కనుగొనవచ్చును. ఇది తెలుగునకు గల గొప్ప సౌలభ్యము. 'డమైనది' ఆ సౌలభ్యమునే చెఱచినది. ఎవరు పంపిరి? ఎవరు పరిశీలించిరి? పత్రము పదిదినములు ఒక బల్లపై నిలిచినచో నిలిపినవానిని వాక్యము చూపదు. కౌలుదారుని స్థితియు కర్తృలోపమే. 2020లో వచ్చిన ధరణి దస్త్రమున అనుభవదారునకు గడి లేకపోయెను. విత్తినవాడు ఒకడు, నష్టపత్రములో పేరు మఱొకనిది. 2025లో ధరణి పోయి దాని స్థానమున భూభారతి వచ్చెను గాని, ఆ నడిమి వానలలో పోయిన పైరులకు పత్రములు పాత దస్త్రమునుబట్టియే వ్రాయబడినవి.

ఇందుకు ఒక ఆక్షేపము రావచ్చును. నియమములు లేనిచో దొంగలెక్కలు పుట్టవా, పలుకుబడి గలవాని చేను ముందు మునుగదా అని. ఈ ఆక్షేపము బలమైనది. చరిత్రయు దీనికే సాక్షి. 1876-78 నాటి మహాక్షామమున, సహాయము ఎప్పుడు ప్రారంభింపవలెనన్నది అధికారుల అభిప్రాయములకు విడిచిపెట్టుటచేత కలిగిన ఘోరమును చూచిన పిమ్మటనే 1880 నాటి క్షామసంఘము నియమావళిని కోరినది. 1883లో క్షామస్మృతి ఏర్పడినది. ఈ లక్షణములు కనబడినచో ఈ పని మొదలుపెట్టవలెనని అది నిర్దేశించినది. అనగా నియమము పుట్టినది తొందరపెట్టుటకే. కావున ఇచ్చట దోషమనునది నియమముండుట కాదు. నియమములోని పదము చేనిలోని వస్తువునకు తగకపోవుట. క్షామస్మృతిలో ధాన్యపు ధర పెరుగుట, జనులు ఊళ్లు విడుచుట మొదలగునవి లక్షణములు. అవి కంటికి కనబడుచు, ఇంకను జరుగుచున్న సంగతులు.

కచేరిగద్యమునకు మంచి రచన అసాధ్యమనుకొనరాదు. 1369 నాటి పోరుమామిళ్ల చెఱువుశాసనము సంస్కృతమున నున్నను తెలుగునేలపై పుట్టిన రాజకీయలేఖనమే. అందు చెఱువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు చెప్పబడినవి; వేయిమంది పనివారు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల పని అని లెక్క ఇయ్యబడినది; కట్టించిన భాస్కరుని పేరున్నది. ఆ దోషములలో రెండు రాజ్యముల పొలిమేరలో చెఱువుండుట ఒకటి. ఎగువ బాభళివిషయమై మహారాష్ట్రముతో సాగిన వ్యాజ్యము 2013లో సుప్రీముకోర్టు తీర్పుతో ముగియువఱకు శ్రీరామసాగరము క్రింది రైతులు ఆ దోషమును బాగుగా ఎఱుగుదురు.

అంతకంటె దగ్గఱి నిదర్శనము 1908 సెప్టెంబరు 28 నాటి మూసీవరద. దానిని విచారించుటకు నిజాము ప్రభుత్వము పిలిపించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య నివేదికలో వాక్యములకు కర్తలున్నవి. నదికి ఎగువ పరివాహప్రదేశమున 788 చెఱువులున్నవని, వానిలో 221 తెగినవని, ఆ తెగిన నీరు వాననీటితో కలిసి నగరముపై పడినదని ఆయన తేల్చెను. ఏది తెగినది, దానివలన ఏది మునిగినది, ఇక ఏమి కట్టవలెను అను మూడును ఒకే అన్వయమున నడచినవి. ఉస్మాన్‌సాగరు పూర్తియగుటకు 1920 రావలసెను, హిమాయత్‌సాగరునకు 1927. కాలము పట్టినమాట నిజమే. అయితే ఆ కాలము రాయి మోయుటకును కట్ట పోయుటకును పట్టినది. వరద వచ్చినదా లేదా అని తేల్చుకొనుటకు పట్టలేదు.

ముప్కాలు పత్రమునకు ఇంతటి నివేదిక అక్కఱలేదు. సర్వే నంబరు ప్రక్కన రెండు పైరులు వ్రాయుటకు చోటు, నీరు నిలిచిన దినముల సంఖ్యకు ఒక గడి, చూచినవాని పేరుతో ముగియు ఒక క్రియ, జనవరి పిమ్మట త్రవ్వకమునాడు అదే చేనికి మఱల వచ్చి వ్రాయుటకు రెండవ పుట చాలును. ఆ రెండవ పుట ఇప్పటి పత్రమునకు లేదు.