అమూలక ఆరోపణ: తోంగ్‌పాల్ నేర్పే పాఠం

విజయవాడ నుండి భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మాల మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, సుక్మా దాటాక తోంగ్‌పాల్ వస్తుంది. చిత్రకోట జలపాతం చూడబోయే తెలుగువాళ్లు చాలామంది ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు. ఇది ధుర్వా, ముడియా, కోయ ఆదివాసుల ప్రాంతం. చుట్టుపక్కల వాగుల ఇసుకలో తగరపు ఖనిజం దొరుకుతుంది. ఆదివాసులు ఆ ఇసుకను కడిగి, ఖనిజాన్ని వేరుచేసి అమ్ముకుంటారు. భూగర్భ శాస్త్రం ఈ ఊరిని ఎప్పుడో గుర్తించింది. ఆ శాస్త్రం వెనుక ఉండవలసిన శాస్త్రీయ దృష్టి మాత్రం ఇక్కడికి ఎంతవరకు వచ్చిందన్నది మా ప్రశ్న.

ఆ ప్రశ్న మాకు కలగడానికి కారణం ఈ ఊరి పోలీస్ స్టేషన్‌లో 2016 నవంబరులో నమోదైన ఒక ఎఫ్.ఐ.ఆర్. ఆ స్టేషన్ పరిధిలోని నామా గ్రామంలో ఒక ఆదివాసిని మావోయిస్టులు చంపారు. ఆ హత్య కేసులో ఢిల్లీ విశ్వవిద్యాలయ సామాజికశాస్త్ర ఆచార్యురాలు నందినీ సుందర్, జె.ఎన్.యు. ఆచార్యురాలు అర్చనా ప్రసాద్, వారితో పాటు వినీత్ తివారీ, సంజయ్ పరాతే, మరికొందరు స్థానికుల పేర్లు నిందితులుగా చేర్చారు. ఆ ఏడాది మే నెలలో ఆ చుట్టుపక్కల గ్రామాల్లో తిరిగి, అక్కడి పరిస్థితిని అడిగి తెలుసుకుని, రాసినవాళ్లు వీళ్లు. అడిగినందుకు, రాసినందుకు హంతకుల జాబితాలో చేరారు.

తరువాత ఏమైంది? సుప్రీంకోర్టు జోక్యంతో అరెస్టులు ఆగాయి. 2019 ఫిబ్రవరిలో, దర్యాప్తులో ఆధారాలు దొరకలేదని పోలీసులే వాళ్ల పేర్లు తొలగించారు. 2020లో జాతీయ మానవ హక్కుల కమిషన్ వాళ్లకు తలా లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే సందర్భంలో కమిషన్ మరో ఏడుగురికి కూడా పరిహారం ఇవ్వమంది. ఆ ఏడుగురూ మన తెలుగువాళ్లు. 2016 డిసెంబరులో బస్తర్‌కు నిజనిర్ధారణకు బయలుదేరిన తెలంగాణ బృందం అది. న్యాయవాదులు, విద్యార్థులు అందులో ఉన్నారు. నిజం నిర్ధారించబోయినవాళ్లు నెలల తరబడి సుక్మా జైలులో ఉండి, చివరకు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఇది మొదటి ఉదంతం. రెండో దానికి ఇదే రహదారి మీద కుంట దాకా రావాలి. అదే సుక్మా జిల్లా, కుంట పోలీస్ స్టేషన్ పరిధిలోని ఎట్కల్ గ్రామం. 2024 సెప్టెంబరు 15న అక్కడ ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లలో రెండు జంటలు, మరో స్త్రీ ఉన్నారు. ఊళ్లో జబ్బులకూ చావులకూ వీళ్ల మంత్రాలే కారణమని అనుమానం. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుండి టోనహీ వేధింపుల నివారణ చట్టం ఉంది. ఒక మనిషిని వేలెత్తి చూపి టోనహీ అనడమే ఆ చట్టం కింద నేరం. చట్టం పుట్టి పందొమ్మిదేళ్లయినా ఐదు ప్రాణాలు పోయాయి.

ఎట్కల్ వార్త వచ్చినప్పుడు పట్టణాల్లో చదువుకున్నవాళ్లు ఏమంటారో మనకు తెలుసు. 'అడవిలో ఉన్నవాళ్లు, చదువు లేదు, సైన్సు తెలియదు' అంటారు. మన సభల్లోనూ ఈ మాట వింటున్నాం. దీనితో మేము ఏకీభవించలేం. ఎట్కల్‌లో లోపించింది తోంగ్‌పాల్ ఎఫ్.ఐ.ఆర్.లోనూ లోపించింది. రెండు చోట్లా ఒక మనిషి మీద ఒక పేరు అంటించారు. ఒకచోట టోనహీ, మరోచోట నక్సల్. పేరు అంటించినవాళ్లను ఆధారం చూపమని అడిగే స్థితి అక్కడ లేదు. ఒకచోట చదువు లేనివాళ్లు, రెండోచోట చదువుకుని, పరీక్షలు రాసి ఉద్యోగాలు సంపాదించినవాళ్లు. కాబట్టి లోపాన్ని చదువు మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు.

మూడో పేరు కూడా ఉంది: ఇన్‌ఫార్మర్. మావోయిస్టులు ఈ పేరు అంటించి చంపిన ఆదివాసులు బస్తర్ పల్లెపల్లెనా ఉన్నారు. ప్రజాకోర్టు అన్న మాటలో ప్రజలూ ఉన్నారు, కోర్టూ ఉంది. అయితే తుపాకీ పట్టుకున్నవాడే ఫిర్యాది, వాడే సాక్షి, వాడే న్యాయమూర్తి అయినప్పుడు అక్కడ ప్రజల మాటా లేదు, కోర్టు పద్ధతీ లేదు. ఈ మూడో పేరును వదిలేసి మొదటి రెండింటినే విమర్శిస్తే మన విమర్శ కూడా సగం సత్యమే అవుతుంది. టోనహీ, నక్సల్, ఇన్‌ఫార్మర్: ఈ మూడు పేర్ల మధ్య బస్తర్ ఆదివాసి నలిగిపోతున్నాడు.

ఇక సైన్సు అంటే ఏమిటో చూద్దాం. రోడ్డు, సెల్ టవర్, డ్రోన్ సైన్సు ఇచ్చిన వస్తువులు. సైన్సు ఒక పద్ధతి. ఆ పద్ధతికి మంచి ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దోమ మీద అనుమానం అంతకుముందే ఉంది. అనుమానం ఉంది కదా అని ఆయన తీర్పు చెప్పలేదు. దోమలను ఒక్కొక్కటిగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, కంటితో చూశాకే చెప్పాడు. ఒక దోమను నేరస్థురాలు అనడానికి అంత సాక్ష్యం కావలసి వచ్చింది! మనుషుల దగ్గరికి వచ్చేసరికి పుకారు చాలిపోతోంది. బస్తర్‌లో 2020 నుండి జరుగుతున్న మలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివాళ్ల రక్తం కూడా పరీక్షిస్తున్నారు. జ్వరానికి కారణం రక్తపు చుక్కలో కనిపించిన ఇంట్లో, పక్కింటి ముసలమ్మను అనుమానించే అవసరం తగ్గుతుంది. సైన్సు సమాజానికి చేసే మేలు ఇది. రోగం తగ్గించడంతో పాటు నిరపరాధిని కూడా కాపాడుతుంది.

న్యాయశాస్త్రం చదివిన రోజుల్లో మాకు మొదట నేర్పిన పాఠాల్లో ఒకటి సాక్ష్య చట్టం 101వ సెక్షన్. ఆరోపించినవాడే రుజువు చేయాలి. 2024లో పాత చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఈ సూత్రం పోలేదు. సైన్సు, చట్టం ఒకే చోట కలుస్తాయనడానికి ఇంతకంటే దాఖలా అక్కరలేదు.

బౌద్ధులమైన మనకు ఈ సూత్రం పడమటి నుండి వచ్చిన కొత్త సంగతి కాదు. కేసపుత్తంలో కాలాములకు భగవానుడు చెప్పినది మనమంతా వల్లిస్తాం. పరంపరగా వచ్చిందనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. మనం అంతగా చదవని ఒక కథ వినయ పిటకంలో ఉంది. రాజగృహంలో దబ్బ మల్లపుత్తుడనే భిక్షువు వచ్చినవారికి వసతి, భోజనం ఏర్పాటు చేసేవాడు. తమకు మంచి భోజనం, మంచి వసతి దక్కలేదన్న అక్కసుతో కొందరు భిక్షువులు ఆయన శీలం మీద నింద వేయించారు. భగవానుడు సంఘాన్ని సమావేశపరచి, అందరి ఎదుట దబ్బుణ్ణి అడిగాడు. నేనెలాంటివాణ్ణో భగవానునికి తెలుసు కదా అన్నాడు దబ్బుడు. ఆ జవాబు చెల్లదన్నాడు భగవానుడు. చేసి ఉంటే చేశానని, చేయకపోతే చేయలేదని చెప్పమన్నాడు. ఆ తరువాత నింద వేయించినవాళ్లను ప్రశ్నిస్తే అక్కసుతో చేశామని ఒప్పుకున్నారు.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, బుద్ధునికి తెలుసన్నది కూడా సాక్ష్యం కాలేదు. బుద్ధుడే తన జ్ఞానాన్ని సాక్ష్యంగా వాడుకోనప్పుడు ఒక ఎస్.పి.గారికో, దళ కమాండర్‌కో, గ్రామ పూజారికో తెలియడం ఎలా సాక్ష్యమవుతుంది? రెండోది, ఆధారం లేకుండా తోటి భిక్షువు మీద పారాజిక దోషం మోపడాన్నే భారీ దోషంగా వినయం నిర్ణయించింది. దానికి పాళీలో వాడిన మాట 'అమూలకం'. వేరు లేనిది అని అర్థం. వివాదాల పరిష్కారానికి వినయం చెప్పిన ఏడు పద్ధతుల్లో మొదటిది సమ్ముఖా వినయం. అంటే, సంబంధించిన మనిషి ఎదుట లేకుండా తీర్పు చెప్పకూడదు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ మాట్లాడుతూ భిక్షు సంఘాలలో తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు వంటి పార్లమెంటరీ నియమాలన్నీ ఉండేవని గుర్తుచేశారు. అదే ప్రసంగంలో మూడు హెచ్చరికలు చేశారు: రాజ్యాంగబద్ధం కాని పద్ధతులు విడిచిపెట్టండి, నాయకుల పాదాల దగ్గర స్వేచ్ఛను పెట్టకండి, రాజకీయ ప్రజాస్వామ్యంతో తృప్తిపడక సామాజిక ప్రజాస్వామ్యాన్ని సాధించండి. తోంగ్‌పాల్ రోడ్డు మీద ఈ మూడు హెచ్చరికలూ ఒకేసారి గుర్తుకొస్తాయి. ఆ ఊరికి దగ్గరలోని జీరం లోయలో 2013 మే 25న, తహక్‌వాడా దగ్గర 2014 మార్చి 11న మావోయిస్టులు చేసిన దాడులు మొదటి హెచ్చరికను పెడచెవిన పెట్టినందుకు ఉదాహరణలు. ప్రభుత్వమూ ఆ హెచ్చరికను పెడచెవిన పెట్టింది. అంతంతమాత్రం చదువుకున్న ఆదివాసి యువకుల చేతికి తుపాకులిచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులన్న పేరు పెట్టి తమవాళ్ల మీదికే పంపింది. ఇది 14, 21 అధికరణాలకు విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన తెలుగువారు. ఆ వ్యాజ్యం వేసినవారిలో నందినీ సుందర్ ఒకరు. ఐదేళ్ల తరువాత తోంగ్‌పాల్ ఎఫ్.ఐ.ఆర్.లో ఆమె పేరు కనబడింది. 2025 ఆగస్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు, ఆ తీర్పు నక్సలిజానికి సాయపడిందని కేంద్ర హోంమంత్రి ఆరోపించారు. తీర్పును విమర్శించే హక్కు అందరికీ ఉంది. అందులోని ఏ వాక్యం తప్పో, ఏ ఆధారం చాలదో చూపితే అది విమర్శ. న్యాయమూర్తికే పేరు అంటిస్తే అది అమూలకం.

ప్రజాస్వామ్యం లేనిదే సైన్సు నిలవదని మేమనడానికి కారణం ఇదే. సైన్సుకు ప్రశ్న కావాలి. ప్రశ్నించినవాడు రాత్రి ఇంట్లో నిర్భయంగా నిద్రపోగలగాలి. రాజ్యాంగంలోని 51-ఎ(హెచ్) శాస్త్రీయ దృష్టిని, మానవతావాదాన్ని, విచారణ తత్వాన్ని, సంస్కరణను పౌరుల విధిగా చెప్పింది. 1976లో 42వ సవరణతో ఇది చేరింది. విచారించడం పౌరుని విధి అని రాజ్యాంగం అంటుంటే, విచారించడానికి వెళ్లినవాళ్లను జైల్లో పెట్టడం ఎలా న్యాయమవుతుంది?

సైన్సు లేనిదే ప్రజాస్వామ్యమూ నిలవదు. ఊరంతా ఒకే మాట మీద ఉన్నంత మాత్రాన ఆ మాట నిజం కాదు. అలా ఐతే ఊరంతా టోనహీ అన్న స్త్రీ టోనహీయే కావాలి. ఊరంతా అంటరానివారన్న మనం అంటరానివారమే కావాలి. వేల ఏళ్లు ఈ దేశంలో అధిక సంఖ్యాకులు మన గురించి ఒకే మాట మీద ఉన్నారు. అది అమూలకమని అడగడానికి ఒక అంబేద్కర్ పుట్టవలసి వచ్చింది. కులం కూడా ఒక ఎఫ్.ఐ.ఆర్. లాంటిదే. బిడ్డ పుట్టకముందే రాసిపెట్టి ఉంటుంది.

ఇంతవరకూ ఇతరుల గురించి రాశాం. మా సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సమ్ముఖంగా రాసినట్టు కాదు. కొన్నేళ్ల క్రితం మా సంఘంలో బుద్ధ జయంతి చందాల డబ్బు కోశాధికారి వాడుకున్నాడని మాట పుట్టింది. ఎవరు పుట్టించారో ఇప్పటికీ తెలియదు. ఆయన పనిమీద ఊరికి వెళ్లిన వారంలో మేము సమావేశం పెట్టి ఆయన్ను తొలగించాం. చేతులెత్తినవాళ్లలో మేమూ ఉన్నాం. న్యాయశాస్త్ర పట్టా ఉన్నది మాకే. దబ్బుని కథ పిల్లలకు చెప్పిందీ మేమే. తరువాత కొత్త కోశాధికారి రశీదు పుస్తకాలన్నీ పరిశీలిస్తే లెక్క పైసాతో సహా సరిపోయింది. మేము వెళ్లి క్షమాపణ అడిగాం. ఆయన కుర్చీలు వేశాడు, టీ ఇప్పించాడు. 'ఒక్కసారి నన్ను అడిగి ఉంటే బాగుండేది సార్' అన్నాడు. మళ్లీ విహారానికి రాలేదు.

బుద్ధ ధమ్మమే అసలైన సైన్సని మనం గోడల మీద రాసుకుంటున్నాం. పరమాణువు గురించి కూడా బుద్ధుడు ముందే చెప్పాడని కరపత్రాలు వేస్తున్నాం. వేదాల్లో విమానాలున్నాయనేవాళ్లను చూసి నవ్వే మనం చేస్తున్నది వేరే పనా? ధమ్మం సైన్సుకు దగ్గరగా ఉందంటే ఆ దగ్గరితనం పరమాణువులో కాదు, దబ్బుణ్ణి అడిగిన ప్రశ్నలో ఉంది.

ఆ అనుభవం తరువాత మా సంఘం నియమావళిలో ఒక తీర్మానం రాసుకున్నాం. ఎవరి మీద ఆరోపణ వచ్చినా అది రాతపూర్వకంగా ఉండాలి. ఆ మనిషి ఎదుటే చదవాలి. ఆయన జవాబు మినిట్స్‌లో రాయాలి. ఆరోపణ అమూలకమని తేలితే, చేసినవాళ్లు అదే సభలో ఉపసంహరించుకోవాలి. ఇది చిన్న తీర్మానమే. తోంగ్‌పాల్ పోలీస్ స్టేషన్‌నూ ఎట్కల్ గ్రామాన్నీ అడగవలసిన ప్రశ్నను ముందు మన విహారంలో మనం అడుక్కోవాలని ప్రతి బౌద్ధ సంఘాన్నీ కోరుతున్నాం.

నమో బుద్ధాయ. జై భీమ్.