కాగితం మీద కుట్టిన దిక్కులు

పడకకు పరిచే క్విల్టుకూ గోడకు వేలాడదీసే క్విల్టుకూ పొరల్లో తేడా లేదు. రెండింటికీ పైన ముక్కలతో అతికిన బట్ట, నడుమ బ్యాటింగ్ అని పిలిచే దూదిపొర, అడుగున అస్తరు ఉంటాయి. ఈ మూడూ కదలకుండా పైనుంచి అడుగు దాకా దిగే కుట్టునే క్విల్టింగ్ అంటారు. తేడా అంతా వాడకంలో ఉంది. పడక మీది క్విల్టు తన లోపాలను మడతల్లో దాచుకోగలదు గాని, రెండడుగుల చదరంలో గోడమీద నిలిచిన క్విల్టుకు ఆ వెసులుబాటు లేదు. అంచు కాస్త అలలు తేలినా, నడిభాగం కొద్దిగా ఉబ్బినా, పక్కనుంచి వెలుగు పడగానే నీడ ఆ సంగతి చెప్పేస్తుంది. కాబట్టి చిన్నది గనుక సులువైనదన్న అభిప్రాయం ఈ పనికి వర్తించదు. కొలత తగ్గేకొద్దీ పొరపాటుకు చోటు తగ్గుతుందే తప్ప శ్రద్ధ తగ్గదు.

క్విల్టును గోడమీదికి ఎక్కించిన సందర్భాల్లో 1971 నాటి ప్రదర్శన అన్నిటికంటె ప్రసిద్ధమైనది. ఆ ఏడు జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ దంపతులు సేకరించిన పాత అమెరికన్ క్విల్టులను న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం, ఆధునిక చిత్రకళను ప్రదర్శించే గోడలమీదనే చిత్రాల మాదిరి వేలాడదీసింది. 1979లో ఓహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో, ఒకప్పటి పశువుల కొట్టంలో, సమకాలీన క్విల్టుల కోసమే క్విల్ట్ నేషనల్ అనే ప్రదర్శన మొదలైంది. ఈ రెండు సంఘటనల తరువాత, మొదటినుంచీ గోడకోసమే క్విల్టును ఊహించి గీసి కుట్టడం ఒక స్వతంత్రమైన పనిగా స్థిరపడింది.

ఆ పనిలోని మెలకువలన్నీ ఒకేచోట కనిపించే నమూనా మారినర్స్ కంపాస్, అంటే నావికుల దిక్సూచి. సముద్రపటాల మీద దిక్కులను చూపడానికి గీసే నక్షత్రాకారపు చక్రాన్ని క్విల్టు కళాకారులు బట్టలోకి తెచ్చుకున్నారు. 1375 నాటి కాటలాన్ అట్లాస్ అటువంటి చక్రం కనిపించే తొలి పటాల్లో ఒకటి. పదహారు మొనల దిక్సూచిలో నాలుగు ప్రధాన దిక్కులకు నాలుగు పెద్ద మొనలు, మూలలకు నాలుగు మధ్యరకం మొనలు, వాటి నడుమ ఎనిమిది చిన్న మొనలు ఉంటాయి. పెద్ద మొనలనూ మధ్యరకం మొనలనూ నిలువునా సగానికి చీల్చి ఒక సగాన్ని లేతరంగుతో, రెండో సగాన్ని ముదురురంగుతో నింపితే, చదునైన బట్ట మీద రాతిలో చెక్కినట్టు ఎత్తుపల్లాలు తోస్తాయి. గీయడానికి కావలసినవి వృత్తలేఖిని, కోణమాపకం, పదునైన పెన్సిలు మాత్రమే. పెద్ద వలయం గీసి, కేంద్రం నుంచి ప్రతి నలభై ఐదు డిగ్రీలకు ఒక అక్షరేఖ గీసి, లోపల ఒక చిన్న వలయం గీసి, పెద్ద మొన కొసను దాని ఇరుపక్కల అక్షరేఖలు చిన్న వలయాన్ని తాకే బిందువులతో కలపాలి. చిన్న వలయం ఎంత పెద్దదైతే మొనలు అంత లావెక్కుతాయి కనుక, నమూనా గంభీరంగా ఉండాలా, చురుకుగా ఉండాలా అన్నది ఆ ఒక్క వ్యాసార్ధమే నిర్ణయిస్తుంది. దానిని మూడు నాలుగు రకాలుగా గీసి, గోడకు ఆనించి, దూరం నుంచి చూసి ఎంచుకోవడం మంచిది.

ఈ చక్రాన్ని కుట్టడానికి ఎనిమిది ఖండాలుగా విడదీస్తారు. ఒక పెద్ద మొన అక్షం నుంచి పక్కనున్న మధ్యరకం మొన అక్షం వరకు ఒక ఖండం. అందులో నడుమ ఒక చిన్న మొన, దానికి చెరోవైపు నేపథ్యపు ముక్క, ఆపైన సగం మధ్యరకం మొన, సగం పెద్ద మొన, వెరసి అయిదు ముక్కలు ఉంటాయి. ఇక్కడే లెక్క కఠినమవుతుంది. ఎనిమిది ఖండాలు కలిస్తే మూడువందల అరవై డిగ్రీలు కావాలి. ఒక్కో ఖండం ఒక్క డిగ్రీ తగ్గితే చక్రం మధ్యలో గుంటపడి గిన్నె ఆకారానికి తిరుగుతుంది, ఒక్క డిగ్రీ పెరిగితే అంచు కుచ్చెళ్ళు పోతుంది. తొమ్మిది అంగుళాల వ్యాసార్ధమున్న వలయంలో ఒక డిగ్రీ అంటే అంచు దగ్గర నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. సన్నని త్రిభుజాలను కత్తిరించి, వాటి కొసలను చేత్తో సరిచూసుకుంటూ ఇంత కచ్చితంగా కుట్టడం ఆరితేరిన చేతులకు కూడా కష్టమే. పడుగుపేకలకు ఐమూలగా తెగిన అంచు, ఏ మాత్రం లాగినా సాగుతుంది. దిక్సూచిలో తెగే అంచుల్లో చాలా భాగం ఐమూలవే.

ఆ కష్టాన్ని తీర్చేది కాగితం. పేపర్ పీసింగ్ అనే పద్ధతిలో నమూనా గీతలను కాగితం మీద గీసి లేదా అచ్చువేసి, ముక్కలకు కుట్టవలసిన వరుసలో అంకెలు వేసి, కాగితం వెనకవైపున బట్టను ఉంచి, ముందువైపున కనిపించే గీతమీదుగా మిషనుతో కుడతారు. మొదటి ముక్కను కాగితానికి ఆనించి, రెండో ముక్కను దానిమీద బోర్లించి, కాగితాన్ని తిరగేసి రెండింటి నడుమ ఉన్న గీతమీద కుట్టి, మిగులు బట్టను పావు అంగుళానికి కత్తిరించి, రెండో ముక్కను విప్పి ఇస్త్రీపెట్టెతో అణచాలి. అంకెల వరుసలో చివరి ముక్క దాకా ఇదే క్రమం. బట్టను ముందుగా కచ్చితమైన ఆకారంలో కత్తిరించవలసిన పని లేదు, ఎందుకంటే ఆకారాన్ని నిర్ణయించేది కత్తెర కాక గీత. సాగే గుణమున్న అంచు సాగని కాగితానికి కుట్టబడి ఉంటుంది గనుక, పక్క ఖండంతో కలిసేదాకా కాగితాన్ని తీయకపోవడమే క్షేమం.

ఈ పద్ధతికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి, వాటిని గీసే దశలోనే ఒప్పుకోవాలి. ఒక ఖండంలో కొత్తగా వచ్చే ప్రతి కుట్టూ అంతకు ముందు కుట్టిన ముక్కల అంచును ఈ కొసనుంచి ఆ కొసదాకా దాటి పోవాలి. గీత నడుమ ఆగి మలుపు తిరిగితే ఆ ఖండాన్ని రెండుగా విడదీయక తప్పదు. బట్ట గీతకు వెనకవైపున ఉంటుంది కాబట్టి పూర్తయిన నమూనా గీసినదానికి అద్దంలోని ప్రతిబింబమవుతుంది. దిక్సూచిలో వెలుగు ఎడమనుంచి పడాలని తలచి గీస్తే, కుట్టాక అది కుడినుంచి పడుతుంది. కుట్టు పొడవు మామూలుగా ఉండే రెండున్నర మిల్లీమీటర్ల నుంచి ఒకటిన్నరకు తగ్గించాలి, 14 నంబరు సూది వేయాలి. రంధ్రాలు దగ్గరగా, పెద్దగా పడితే కాగితం సులువుగా చిరుగుతుంది, చించేటప్పుడు కుట్టు వదులు కాదు. కంప్యూటరు నుంచి అచ్చువేసేవారు పుటకు సరిపోయేలా కుదించే అమరికను తీసేసి, పక్కన గీసిన ఒక అంగుళం చదరాన్ని స్కేలుతో కొలిచి చూడాలి. ఎనిమిది కాగితాలు వేర్వేరు కొలతల్లో వచ్చాయంటే ఎంత నేర్పుగా కుట్టినా చక్రం మూసుకోదు.

కాగితానికీ క్విల్టుకూ ఉన్న బంధం మిషను కంటె చాలా పాతది. ఇంగ్లండులో షట్కోణాల వంటి చిన్న కాగితపు ఆకారాల మీద బట్టను మడిచి, కచ్చా కుట్టు వేసి, అంచులను చేత్తో కలిపి కుట్టే పద్ధతి ఉండేది. అక్కడ కాగితం మీద శాశ్వతమైన కుట్టు పడదు, బట్టకు ఆకారం ఇవ్వడమే దాని పని. బ్రిటిష్ దీవుల క్విల్టర్స్ గిల్డ్ ఆధీనంలో ఉన్న 1718 నాటి పట్టు అతుకుల దుప్పటిలో ఆ కాగితాలు నేటికీ లోపలే ఉన్నాయి. పాత ఉత్తరాలు, పద్దుల పుస్తకాల పుటలు, వార్తాపత్రికల ముక్కలు ఇలా లోపల మిగిలిపోయిన చోట, వాటి మీది అక్షరాలను చదివి ఆ క్విల్టు ఎప్పటికంటె పాతది కాజాలదో పండితులు తేల్చగలుగుతున్నారు. ఇంతకంటె పాతదిగా, 1708 నాటిదని సంప్రదాయంగా చెప్పే క్విల్టు ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్‌లో ఉంది; అది భారతదేశం నుంచి వెళ్ళిన చింట్జ్ బట్టల ముక్కలతో కుట్టినది. చింట్జ్ అంటే అద్దకపు నూలుబట్ట; ఆ కాలంలో దానిని ఐరోపాకు పంపిన ముఖ్యమైన రేవుల్లో మచిలీపట్నం ఒకటి, అక్కడ ఇంగ్లీషు కంపెనీ 1611లోనే కోఠీ తెరిచింది. చిరివేరు నుంచి తీసిన ఎరుపు ఉతికినా వెలవకపోవడం ఐరోపావారికి వింతగా తోచింది. ఇంగ్లండు చట్టసభ 1700లో అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించిన తరువాత, ఇళ్ళలో మిగిలిన ముక్క ప్రతిదీ విలువైనదైంది. ఐరోపా క్విల్టు చరిత్రను రాసేవారు కోరమాండల్ తీరపు అద్దకందార్ల ప్రస్తావనను ఒక్క వాక్యంతో ముగించడం న్యాయం కాదు.

నేటి తెలుగు ప్రాంతపు బట్టల్లో ఈ పనికి అమరేవి తక్కువేమీ లేవు. పెడనలో అచ్చువేసే కలంకారీలో సన్నని పూత ఉన్న రకం మొనలకు పనికివస్తుంది. పెద్ద లతలున్నది ముక్కలైతే నమూనా కనుమరుగవుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు పోగులోనే ఉంటుంది గనుక బట్టకు రెండువైపులా ఒకే తీరు కనిపిస్తుంది. దిక్సూచి ఖండాల్లో నాలుగు మిగిలిన నాలుగింటికి ప్రతిబింబాలు కావడంతో, ముక్కను పొరపాటున తిరగేసి కత్తిరించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, ఇక్కత్ ఆ ప్రమాదాన్ని పూర్తిగా తప్పిస్తుంది. నేత వదులుగా ఉన్న చేనేతకు పల్చని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే పోగులు ఊడవు. ముదురు ఎరుపునూ నీలాన్నీ ముందుగా ఉతికి రంగు దిగడం లేదని నిశ్చయించుకోవాలి.

ఖండాలు కలిపి కుట్టాక కేంద్రంలో ఎనిమిది కొసలు ఒకేచోట చేరి గట్టిగా ముద్దకడతాయి. కుట్టు అంచులను రెండువైపులా విప్పి అణచినా ఎత్తు మిగిలితే, దానిమీద చిన్న గుండ్రని బట్టను కుట్టడం పాత నమూనాల్లో కూడా కనిపించే పరిష్కారం.

ఇక మూడు పొరలను కలిపే కుట్టు. తెలుగు ఇళ్ళలో పాత చీరలను పొరలుగా పరిచి బొంత కుట్టిన స్త్రీలు ఈ కుట్టును తరతరాలుగా చేత్తోనే వేశారు. అమెరికాలో కూడా చాలాకాలం చేతికుట్టే ఉత్తమమని, మిషను కుట్టు తొందర పనికి గుర్తని భావించేవారు. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ నిర్వహించిన ప్రదర్శనలో, కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషను మీద క్విల్టింగ్ చేసిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’ అత్యుత్తమ బహుమతి పొందినప్పుడు పెద్ద వివాదమే చెలరేగింది, మిషను కుట్టుకు ఆ బహుమతి దక్కడం అదే మొదలు. ఆ న్యాయనిర్ణేతల తీర్పు సరైనదని చెప్పక తప్పదు. మిషను మీద స్వేచ్ఛగా గీత నడిపేటప్పుడు, బట్టను వెనక్కి తోసే పళ్ళను కిందికి దించేస్తారు. అప్పుడు కుట్టు పొడవును నిర్ణయించేది యంత్రం కాక, బట్టను జరిపే రెండు చేతుల వేగం. చేయి తొందరపడితే కుట్లు పొడవవుతాయి, జంకితే గుత్తులు కడతాయి. ఇది చేతిపని కాదనడానికి ఏ ఆధారమూ లేదు.

తిన్నని గీతలకు మాత్రం వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేకమైన పాదం మేలు. మామూలు పాదం కింద అడుగుపొరను పళ్ళు తోస్తుంటే పైపొర వెనకబడి ముడతలు వస్తాయి. ఈ పాదానికి తన పళ్ళు తనకు ఉండటం వల్ల మూడు పొరలూ ఒకే నడకన సాగుతాయి. దూదిపొరనూ అస్తరునూ పైబట్ట కంటె రెండు మూడు అంగుళాలు పెద్దగా కత్తిరించి, పిడికెడు దూరానికొక పిన్నీసు పెట్టి, కుట్టును కేంద్రం నుంచి బయటికి నడపాలి. దిక్సూచిలో మొదట మొనల అంచు కుట్ల వెంబడి కుట్టి, మొనలను ఖాళీగా వదిలి, నేపథ్యాన్ని దట్టంగా కుడితే నేపథ్యం అణగి మొనలు పైకి లేస్తాయి. అయితే దట్టమైన కుట్టు బట్టను లోపలికి లాక్కుంటుంది; నేపథ్యాన్ని దట్టంగా కుట్టి బయటి పట్టీని వదిలేస్తే, ఆ పట్టీ గోడమీద అలలు తేలుతుంది. కాబట్టి క్విల్టింగ్ గీతను చివర్లో ఆలోచించదగిన అలంకారంగా చూడటం ఈ పనిలో అన్నిటికంటె పెద్ద లోపం. ముక్కలను గీసిన కాగితం మీదనే, మరో రంగు పెన్సిలుతో, ఏ గీత ఎక్కడ ఎంత దట్టంగా పోతుందో ముందే గీయాలి.

అంచుపట్టీ కుట్టాక, వెనక పైభాగాన నాలుగు అంగుళాల వెడల్పున గొట్టంలా ఒక పట్టీ కుట్టి అందులోంచి కర్రను దూర్చి వేలాడదీస్తే బరువు సమంగా పడుతుంది. మేకులు కొడితే మూలలు సాగుతాయి. మ్యూజియాలు బట్టల మీద పడే వెలుగును సాధారణంగా 50 లక్స్‌కు పరిమితం చేస్తాయి. ఇంట్లో అంత నియమం సాధ్యం కాకపోయినా నేరుగా ఎండపడే గోడను మానుకోవాలి. వీటితో పాటు చేయవలసిన పని మరొకటి ఉంది. పాత క్విల్టుల్లోనూ, మన బొంతల్లోనూ ఎన్నిటినో ఎవరు కుట్టారో చెప్పే దారి లేకుండా పోయింది. గోడకు ఎక్కించే ముందు, చేసినవారు వెనక అస్తరు మీద ఒక చిన్న బట్టముక్క కుట్టి, చెరగని సిరాతో తమ పేరు, ఊరు, సంవత్సరం, వాడిన బట్టల వివరం రాసి ఉంచాలని మనవి.