మైనంలో నిలిచిన మెట్లు

వీణ దండి మీద ఇరవై నాలుగు మెట్లుంటాయి. గిటారు మెట్లలా అవి చెక్కలో బిగించినవి కావు. నల్లని మైనపు గట్ల మీద అదిమి నిలిపినవి. నాదం మోగే కుండ నుంచి దండి చివరనున్న యాళి ముఖం దాకా అంత ఓపికగా చెక్కిన పనివాళ్లు, ప్రాణంలాంటి స్వరస్థానాలను మాత్రం ఎండకు మెత్తబడే మైనానికి ఎందుకు అప్పగించారు? కర్ర స్వభావం తెలిస్తే వారి ఆలోచన బోధపడుతుంది.

చెట్టు కొట్టి ఆరబెట్టినా కర్రకు గాలితో సంబంధం తెగదు. గాలిలో తేమ 65 శాతం ఉన్నచోట ఆరిన కర్ర తన బరువులో దాదాపు 12 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. వానల్లో అది పెరుగుతుంది, వేసవిలో తగ్గుతుంది. ఊరికే ఉన్న చెక్క ఆ మేరకు ఉబ్బి, కుంచించుకుంటుంది. బరువు మోస్తున్న చెక్క కథ వేరు. 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ ఒక వింత గమనించారు. బరువు కింద ఉన్న పచ్చికర్ర కన్నా, ఎండుకర్ర కన్నా, ఆ బరువు కిందే తడి ఆరుతున్న కర్ర ఎక్కువ వంగింది. నీటి అణువులు కణాల గోడల్లోకి వస్తూ పోతూ ఉంటే లోపలి బంధాలు కొన్ని వీడతాయి. బరువు తోసిన వైపు కాస్త జరిగి మళ్లీ ముడిపడతాయి. తేమ మారినప్పుడల్లా ఇది కొంత జరుగుతుంది. బరువు దించాక కూడా ఆ వంపు పూర్తిగా పోదు.

వీణకు ఆ బరువు ఏడు తంత్రుల లాగుడు. శ్రుతి చేసి ఉంచినంతకాలం అవి దండిని వంచాలనే చూస్తాయి. దండి వెంట్రుకవాసి వంగినా తంత్రికీ మెట్టుకూ మధ్య ఎడం మారుతుంది. స్వరం పక్కకు జరుగుతుంది, లేదా తంత్రి మెట్టుకు తగిలి జరజరలాడుతుంది.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్లు ఈ లాగుడుకు మొదట కర్రతోనే జవాబు చెబుతారు. పనసమాను ఎంచుకుంటారు. బొబ్బిలి వీణను ఒకే మానులోంచి తొలుస్తారు కనుక కుండకూ దండికీ మధ్య సడలే అతుకే ఉండదు. అయినా ఏ మానూ రుతువులను పూర్తిగా ఎదిరించలేదు. అక్కడ మైనం ఆదుకుంటుంది. వంగిన దండిని బలవంతంగా సరిచేయనక్కర్లేదు. పాత మైనం తీసి, కొత్తది పరిచి, తంత్రి మీటుతూ ఒక్కో మెట్టునూ దాని స్వరం పలికేచోట, తగిన ఎత్తులో అదుముతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. కొలబద్ద కాదు, చెవే ఇక్కడ తీర్పరి. దండి ఇప్పుడు ఏ వంపులో ఉందో ఆ వంపుకే స్వరాలు కుదురుతాయి.

వీణ ఉన్నవాళ్లు దాన్ని ఎండ పడే కిటికీకీ, ఏసీ గాలికీ దూరంగా ఉంచితే కర్రకు సగం శ్రమ తప్పుతుంది. మిగతా సగం మేళం కట్టే చేతిది. వీణ ఒక్కసారి చేసి వదిలేసే వస్తువు కాదని మొదటి పనివాడికే తెలుసు. తన తర్వాత వచ్చేవాడి కోసమే మైనం పెట్టాడు. మేళం కట్టే విద్య నేర్చుకునే పిల్లలకు తగిన కూలీ, గౌరవం దక్కాలి. లేకపోతే మేలైన పనస వీణలు కూడా అపస్వరంతో మూలన పడతాయి.