అంత్యదిన నవలలు, పాఠకుల స్పందన: ఒక పరిశీలన

ప్రళయాన్ని గురించి దైవం మానవునికి ఎంత తెలియజేశాడో అంతటితో తృప్తిపడక, ఇంకా తెలుసుకోవాలనే ఆరాటం ప్రతి మతంలోనూ కనిపిస్తుంది. ఈ ఆరాటాన్ని ఆధారం చేసుకుని ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలో ఒక విశేషమైన నవలా సాహిత్యం పుట్టింది. ఇందులో ఉత్కంఠ ఉంది, విమానాలున్నాయి, గూఢచారులున్నారు. వీటన్నిటి వెనుక ప్రకటన గ్రంథపు వ్యాఖ్యానం కూడా ఉంది. ఈ నవలలు చదివినవారు ఎట్లా స్పందించారన్నది ముస్లిం పాఠకులకు సంబంధించని విషయంగా తోచవచ్చు. కాని రెండు కారణాల వల్ల ఇది ఆలోచించదగినదే. ఈ నవలలకు మూలమైన సిద్ధాంతం గోదావరి డెల్టాకు కొత్తది కాదు. పైగా ఈ నవలలు పెంచిన అలవాటు ముస్లింల ఇండ్లలోకి కూడా వేరే పేరుతో ప్రవేశించింది.

మొదట సిద్ధాంతం సంగతి. క్రీస్తు రెండవ రాకడను క్రైస్తవులందరూ నమ్ముతారు. అయితే ఏడేండ్ల మహాశ్రమకు ముందే విశ్వాసులు అకస్మాత్తుగా ఆకాశానికి ఎత్తబడతారనీ, మిగిలినవారు క్రీస్తు విరోధి పాలనలో నలిగిపోతారనీ చెప్పే పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో రూపుదిద్దుకున్నది. 1830 ప్రాంతంలో దానిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు బ్రెదరెన్ సమాజానికి చెందిన జాన్ నెల్సన్ డార్బీ. అదే సమాజంలోని మరొక ప్రముఖుడు ఆంథోని నోరిస్ గ్రోవ్స్ బాగ్దాదులో కొన్నేండ్లు నివసించి, 1831లో అక్కడి ప్లేగులో భార్యను పోగొట్టుకుని, తరువాత భారతదేశానికి వచ్చాడు. 1836లో అతని వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. డార్బీ కఠిన వైఖరిని విమర్శిస్తూ గ్రోవ్స్ అతనికి ఉత్తరం వ్రాసింది కూడా ఆ 1836లోనే. కనుక ఈ సమాజమంతా ఒకే గొంతుతో మాట్లాడిందని అనుకోరాదు. అయినా రాకడ కోసం కనిపెట్టుకుని ఉండటమనే భావన డెల్టా గ్రామాలకు అమెరికన్ నవలలకంటె ఎన్నో దశాబ్దాల ముందే చేరిందన్నది గమనార్హం.

అమెరికాలో ఈ సిద్ధాంతానికి 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యలు విస్తృత ప్రచారం కల్పించాయి. 1970లో హాల్ లిండ్సే వ్రాసిన ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ దానిని వార్తాపత్రికలతో ముడిపెట్టింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన నాటినుండి ఒక తరంలో, అంటే సుమారు నలభై యేండ్లలో, అంతా నెరవేరవచ్చునని ఆ పుస్తకం సూచించింది. 1988 వచ్చింది, వెళ్ళింది. లెక్క తప్పినా పాఠకులు తగ్గలేదు. 1995లో టిమ్ లహే, జెర్రీ జెన్‌కిన్స్ కలిసి ‘లెఫ్ట్ బిహైండ్’ అనే నవల వెలువరించారు. వెనుక విడువబడినవారని ఆ పేరుకు అర్థం. 2007 నాటికి ఆ వరుసలో పదహారు సంపుటాలు వచ్చాయి. ఆరు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత కొన్ని వారాలకే వెలువడిన ‘డెసెక్రేషన్’ అనే సంపుటం ఆ సంవత్సరం అమెరికాలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయిన నవల అయింది. భయం పెరిగిన కాలంలో ఈ సరుకుకు గిరాకీ పెరిగిందన్నమాట.

కథ సులభమైనది. అట్లాంటిక్ మీద ఎగురుతున్న విమానంలో కొందరు ప్రయాణికులు బట్టలు మాత్రం వదలి మాయమవుతారు. విమానం నడిపే రేఫోర్డ్ స్టీల్ ఇంటికి వచ్చేసరికి భక్తురాలైన భార్యా, చిన్న కొడుకూ ఉండరు. ఐక్యరాజ్యసమితికి అధిపతి అయిన రుమేనియా దేశస్థుడు నికొలాయ్ కార్పాతియాయే క్రీస్తు విరోధి అని క్రమంగా తెలుస్తుంది.

పాఠకులు దీనిని ఎట్లా స్వీకరించారు? అమీ జాన్సన్ ఫ్రైక్‌హోమ్ అనే పరిశోధకురాలు ఈ నవలల పాఠకులను స్వయంగా కలిసి మాట్లాడి, 2004లో ‘రాప్చర్ కల్చర్’ అనే గ్రంథం ప్రకటించింది. ఆ గ్రంథం చూపిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పాఠకులు నోరు మూసుకుని అన్నీ మింగేవారు కారు. పుస్తకం చేతులు మారుతుంది. అక్క చెల్లెలికిస్తుంది, సంఘంలో ఒకరు మరొకరికిస్తారు. చదివినవారు దానితో ఏకీభవిస్తారు, వాదిస్తారు, కొంత వదిలేస్తారు. నమ్మకం లేని బంధువును మార్చాలని పుస్తకం ఇచ్చినవారు ఎందరో ఉన్నా, నిజానికి అది ముందే నమ్మినవారి నమ్మకాన్ని గట్టిపరచడానికే ఎక్కువగా ఉపయోగపడింది.

ఈ స్పందనలలో తేలికగా కొట్టివేయరానిది భయం. 1972లో వచ్చిన ‘ఎ థీఫ్ ఇన్ ది నైట్’ అనే చలనచిత్రాన్ని చర్చీలలో పిల్లలకు చూపేవారు. బడినుండి వచ్చి ఇంట్లో ఎవ్వరూ కనబడకపోతే, అందరూ ఎత్తబడ్డారు, తానొక్కడే మిగిలిపోయాననుకుని వణికిపోయిన బాల్యాన్ని తరువాత పెద్దలై చెప్పుకున్నవారు అనేకులు. దైవభీతి మనిషిని సత్కర్మకు పురికొల్పుతుంది. ఈ భయం అటువంటిది కాదు. తల్లి వంటింట్లో కనబడగానే పోయేది, మరునాడు మళ్ళీ వచ్చేది. దానివల్ల పిల్లవాడు నిజం చెప్పడం నేర్చుకోడు, పొరుగువానికి సాయపడడం నేర్చుకోడు.

మరొక స్పందన నిబ్బరం. లోకం ఎంత చెడినా తాము తప్పించుకుంటామనే ధైర్యం. కష్టంలో ఉన్న మనిషికి ఆశ అవసరమే. దానిని ఎగతాళి చేయరాదు. కాని ఈ ఆశకు ఒక మూల్యం ఉంది. మిగిలినవారి బాధ కథకు కావలసిన ముడిసరుకుగా మారుతుంది. పాఠకుడు కోట్లాది మరణాలను పుట తిప్పినంత సులభంగా దాటిపోతాడు. సాహిత్య దృష్టితో చూసినా ఈ నవలల పెద్దలోపం ఇదే. పాత్రలు మనుషులుగా కాక జోస్యం నెరవేరడానికి నిలబెట్టిన గుర్తులుగా మిగిలిపోతాయి.

ముస్లింల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ఆలయం తిరిగి కట్టడానికి వీలుగా, అల్-ఖుద్స్‌లోని ఖుబ్బతుస్సఖ్రాను కొత్త బాబిలోనుకు తరలించడానికి ముస్లింలు ఒప్పుకున్నట్లు ఈ వరుసలోని రెండవ నవల కల్పించింది. పదమూడు వందల యేండ్లకు పైబడిన ఆ కట్టడాన్ని, దానితో ముడిపడిన మేరాజ్ స్మృతిని, కోట్ల హృదయాల మమకారాన్ని కొద్ది మాటలలో పక్కకు జరిపివేశారు. ఇక్కడ ద్వేషంకంటె ఉపేక్షే ఎక్కువ. రచయితల పటంలో ముస్లింలకు స్థలం లేదు. కనుక కథలోనూ లేదు. అటువంటి పటాన్ని కోట్లమంది చేతపట్టుకుని పశ్చిమాసియా వార్తలు చదివితే, పాలస్తీనావాసి దుఃఖం వారికి కేవలం జోస్యపు మెట్టుగానే కనిపిస్తుంది.

అయితే ఇంతమాత్రాన పొరుగున ఉన్న క్రైస్తవుని ఈ నవలలనుబట్టి అంచనా వేయడం అన్యాయం. రాజమండ్రిలో 1845 నుండి ఉన్న లూథరన్ సంప్రదాయానికి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఆధారం. పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యం ఏలుతారనే బోధను అందులోని పదిహేడవ అధికరణం తోసిపుచ్చింది. రోమన్ కాథలిక్కులు కూడా రహస్యంగా ఎత్తబడటమనే సిద్ధాంతాన్ని అంగీకరించరు. జేగురుపాడులో పుట్టి, లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో బైబిలు మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు అనుయాయులు రాకడకు ప్రముఖ స్థానం ఇస్తారు. కాని వారి మార్గం ప్రార్థన, కీర్తనలది. యుద్ధ నవలలది కాదు. ఒకే మతంలో ఇన్ని అభిప్రాయాలున్నప్పుడు అమెరికా నవల ఒకటి చూపి, క్రైస్తవులందరూ ఇట్లా నమ్ముతారనడం విమర్శ కాదు. ముస్లింల గురించి ఆ నవలలు చేసిన తప్పునే తిరిగి చేయడం అవుతుంది.

ఇక తమ ఇంటి సంగతి. 1987లో కైరోలో సయీద్ అయ్యూబ్ ‘అల్-మసీహ్ అద్-దజ్జాల్’ అనే పుస్తకం ప్రకటించాడు. ఆనాటి రాజకీయాలకు దజ్జాల్ వృత్తాంతాన్ని అతికించడానికి అతడు బైబిలు భవిష్యవాణులను ధారాళంగా వాడుకున్నాడు. ఆ తరువాత అదే ఫక్కీలో పుస్తకాలు వరుసగా వచ్చాయి. శత్రువుల పేర్లు మారాయి, పద్ధతి మాత్రం లిండ్సేదే. ఈ మోజు అమాయకమైనది కాదనడానికి అంతకుముందే ఒక చేదు ఉదాహరణ జరిగింది. హిజ్రీ 1400వ సంవత్సరపు తొలిదినమైన 1979 నవంబరు 20న జుహైమాన్ అల్-ఉతైబీ సాయుధులతో మస్జిదుల్ హరామ్‌ను ఆక్రమించి, తన బావమరది మహదీ అని చాటాడు. రెండు వారాల ముట్టడిలో వందలమంది హతులయ్యారు. రక్తపాతం నిషిద్ధమైన చోట రక్తం పారింది. హదీసులు ఎరుగనివారు కారు వారు. హదీసును తమ క్యాలెండరుకు కుదించినవారు.

పండితులు సైతం ఈ లెక్కల ఆకర్షణకు అతీతులు కాలేదు. హిజ్రీ వెయ్యవ సంవత్సరంలో అంతమని వ్యాపించిన వదంతిని ఖండించిన ఇమామ్ సుయూతీయే, ఉమ్మత్ ఆయుర్దాయం పదిహేను వందల యేండ్లు దాటదని మరొక అంచనా వేశాడు. మహదీ ఉల్లేఖనాలను ఇబ్నె ఖల్దూన్ ఒక్కొక్కటిగా పరిశీలించి ప్రశ్నించిన సంగతి కూడా మరువరాదు. హజ్రత్ ఈసా (అ) పునరాగమనాన్ని, ప్రళయ సూచనలను విశ్వసించడం వేరు. నేటి వార్తలో వాటిని వెదకి తేదీ కట్టడం వేరు.

దివ్యఖుర్ఆన్ వైఖరి ఈ విషయంలో సందేహానికి తావివ్వదు. ఆ ఘడియ జ్ఞానం కేవలం అల్లాహ్ వద్దనే ఉన్నదని అల్ ఆరాఫ్ 187వ ఆయత్ స్పష్టపరుస్తుంది. జిబ్రయీల్ (అ) అడిగినప్పుడు ప్రవక్త (స) ఆ విషయంలో తనకు అడిగినవానికంటె ఎక్కువ తెలియదని సెలవిచ్చారు. ప్రళయం ఎప్పుడని ఒక వ్యక్తి అడిగితే, దానికి ఏమి సిద్ధం చేసుకున్నావని ఎదురు ప్రశ్న వేశారు. దజ్జాల్ గురించి హెచ్చరించినప్పుడు కూడా తేదీ చెప్పలేదు. కహఫ్ సూరా తొలి పది ఆయత్‌లు కంఠస్థం చేసుకోమని ఉపాయం చెప్పారు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని మత్తయి సువార్తలోనూ ఉంది. రాకడ పేరుతో పని మానిన థెస్సలొనీక సంఘస్థులను పౌలు మందలించాడు. అంటే రెండు సమాజాల గ్రంథాలూ ఊహాగానానికి ఒకేచోట అడ్డుకట్ట వేశాయి. దానిని దాటింది నవలాకారుడూ, అతని ముస్లిం అనుకర్తా.

ఈ నేలకు వినాశం పుస్తకాలలో చదివిన విషయం కాదు. 1839లో కోరంగిని ఉప్పెన ముంచివేసింది. 1986 ఆగస్టులో గోదావరి వరద ఊళ్ళను తుడిచిపెట్టింది. 1996 నవంబరులో వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు రైతులు లోకం అంతమైందని కూర్చోలేదు. కాపుకు రావడానికి ఏండ్లు పడుతుందని తెలిసీ కొబ్బరి మొక్కలు నాటారు. ప్రళయం ముంచుకువచ్చినా చేతిలో ఉన్న మొక్కను నాటగలిగితే నాటమని ప్రవక్త (స) చేసిన ఉపదేశం ఇమామ్ అహ్మద్ ముస్నద్‌లో ఉంది. అంత్యదినాన్ని గురించిన ఏ పుస్తకాన్నైనా, అది ఏ మతంవారిదైనా, ఈ ఉపదేశంతో పరీక్షించవచ్చు. చదివి ముగించినవాని చేయి మొక్కవైపు పోతున్నదా, పొరుగువానివైపు వేలెత్తి చూపడానికి పోతున్నదా అన్నదే ఆ పరీక్ష.